కత్తెర రాసిన కొలత

కత్తెరకి అసూయ పుట్టుకతో రాలేదు. తోటికోడలితో పాటు వచ్చింది. అంతకుముందు ఆమె అందరిలాంటి మనిషే. ఒకరికి మంచి జరిగితే "పోనీలే" అనుకుని తన పని తను చూసుకునేది.

కత్తెర అనేది అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. విమానాల సీట్లకి కొత్త గుడ్డ వేసే వర్క్‌షాపులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గుడ్డ కోసే పని ఆమెది. మనిషి కూడా పేరుకి తగ్గట్టే సన్నగా, పొడుగ్గా, మోచేతులు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. ఆమె ఒకసారి కొలిచి రాసిందంటే సూపర్‌వైజరు కూడా మళ్ళీ కొలవడు. అటో అరంగుళం, ఇటో అరంగుళం కుట్టుకు వదిలి రాయడం ఆమెకి ఎంత అలవాటంటే, ఇంట్లో బీరువా పెట్టాల్సిన చోటు కొలిచినప్పుడు కూడా ఆ అంగుళం కలిపే రాసింది. ఆ లెక్కన కొన్న బీరువా గోడల మధ్య పట్టక ఏడాది పాటు వరండాలో నిలబడింది. "గదికి కూడా కుట్లు వేస్తావేమో అనుకున్నాం" అని మొగుడు నవ్వితే వారం రోజులు మాట్లాడలేదు.

ఇక తోటికోడలు. మరిది పెళ్ళాం. ఇల్లు ఒకటే, కింద వాటా వీళ్ళది, పైవాటా వాళ్ళది. భారీ మనిషి. నడిస్తే మెట్లు ముందే కబురు చెబుతాయి. ఎప్పుడూ నవ్వు, ఎవరేమన్నా నవ్వు. పదకొండేళ్ళ కింద ఇంట్లో ఊరికే ఉండలేక "అక్కా, నన్నూ మీ వర్క్‌షాపులో పెట్టించవా" అని అడిగితే, కత్తెరే వెళ్ళి సూపర్‌వైజరుతో చెప్పి మిషను మీద కూర్చోబెట్టింది. తన చేత్తో తనే చేసుకున్న పని. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటి రోజు ఆ భారీ మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే, పదిమందీ నవ్వుతారని కత్తెర "ఇదిగో, దిండొచ్చింది" అంది. నవ్వారు. తోటికోడలు అందరికంటే ఎక్కువ నవ్వింది. సాయంత్రం టీ వేళకి ఆ పేరు కాస్తా "దిండమ్మా, ఇలా రా", "దిండమ్మా, నా పక్కన కూర్చో" అయిపోయింది. ఎగతాళికి పెట్టిన పేరు ముద్దుపేరై కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా తనని మాత్రం ఒక్కరూ కత్తెరమ్మా అని ముద్దుగా పిలవలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. సీటులో కొత్త ఫోమ్ వేసి గుడ్డ తొడిగాక, కింది అంచు మూసి కుట్టేముందు బరువైన మనిషి ఒకరు అందులో పది నిమిషాలు కూర్చోవాలి. ఫోమ్ అణిగి కుదురుకుంటుంది, గుడ్డ ఎక్కడ వదులో ఎక్కడ బిగుతో తెలుస్తుంది. అంతకుముందు ఇసుక బస్తా పెట్టేవారు. దిండు వచ్చిన నెలకి బస్తాని మూలకి నెట్టేశారు. ఎందుకంటే బస్తా మాట్లాడదు. దిండు సీటులో కూర్చుని కళ్ళు మూసుకుని, "ఎడమ తొడ కింద వేలెడు వదులు" అంటుంది. విప్పి చూస్తే సరిగ్గా వేలెడు వదులే. "ఏ మిషనూ చెప్పలేనిది మా దిండమ్మ చెబుతుంది" అని సూపర్‌వైజరు వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. వచ్చినవాళ్ళు ఆమెతో ఫొటో దిగేవారు. ఆ సీటు గుడ్డ కోసిన మనిషి పక్క బల్ల దగ్గరే వంగి ఉందని ఎవరికీ పట్టేది కాదు.

కూర్చున్నందుకు మెప్పు! కత్తెర కడుపుమంట అదే. నిలబడి నిలబడి తన పిక్కలు రాళ్ళయ్యాయి. అది కూర్చుంటుంది, పేరు తెచ్చుకుంటుంది.

ఇంట్లోనూ ఇదే వరస. అత్తగారికి మోకాళ్ళ నొప్పి. వరండాలోంచి గదిలోకి నడవాలంటే ఎవరిదో ఒకరి భుజం కావాలి. కత్తెర ఎదురుగా ఉన్నా ఆవిడ పైకి చూసి "చిన్నదానా!" అని కేకేస్తుంది. ఒకసారి ఉండబట్టలేక కత్తెర అడిగేసింది. "నేను లేనా అత్తయ్యా, నన్ను పట్టుకోవచ్చుగా?"

"నీ భుజం పట్టుకుంటే గోడకి కొట్టిన మేకుని పట్టుకున్నట్టుంటుందే" అంది అత్తగారు. "చిన్నదాన్ని పట్టుకుంటే కాస్త మెత్తగా, ధైర్యంగా ఉంటుంది."

ఆ మాట కత్తెర మనసులో మేకులాగే దిగింది. రాత్రి అన్నం సయించలేదు. పైవాటాలోంచి దిండు నవ్వు వినిపిస్తుంటే కిటికీ తలుపు ధడాలున వేసింది.

కత్తెరకి ఒక కోరిక ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. విమానం ఎక్కాలి. వర్క్‌షాపు మీదుగా రోజూ ఎగిరే విమానాల్లో సగం ఆమె చేతి గుడ్డ వేసుకున్నవే. తలెత్తి చూసి, ఇది నీలం చారలది, ఇది బూడిద రంగుది అని గుర్తు పట్టగలదు. లోపల కూర్చున్నది మాత్రం ఒక్కసారి కూడా లేదు. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కడికో వెళ్ళాల్సిన పని ఆ ఇంట్లో ఎవరికీ పడలేదు. వచ్చే ఏడు రిటైరు కావాలి. ఆ లోపు ఒక్కసారి, తను కోసిన గుడ్డ మీద, కిటికీ పక్కన.

ఆ అవకాశం కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఒక విమాన సంస్థ తమ విమానం ఒకదానికి నూట ఎనభై సీట్లూ ఇక్కడే కొత్తగా చేయించుకుంది. పని నచ్చి, ఆ విమానం కొత్త సీట్లతో మొదటిసారి ఎగిరే రోజున వర్క్‌షాపువాళ్ళకి పక్కపక్కన రెండు సీట్లు ఇస్తాం అని ఉత్తరం రాసింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడం. సూపర్‌వైజరు ఇద్దరి పేర్లు చదివాడు.

"అన్ని సీట్లలోనూ అందరికంటే ముందు కూర్చున్నది మన దిండమ్మ. విమానంలో ఆ సంగతి మైకులో చెబుతారట. కాబట్టి ఒక సీటు ఆమెది. రెండోది కత్తెరగారిది. కిటికీ పక్కది మీరే తీసుకోండి, పెద్దవారు."

కత్తెర గుండె ఎగిరి గంతేసింది. మరుక్షణమే చతికిలబడింది. మైకులో దాని పేరట! గుడ్డ కోసిన మాట ఎవరూ ఎత్తరట. ఎక్కేది తన మొదటి విమానం, పక్కన అది, అందరూ తలలు తిప్పి చూసేది దాన్ని. పెళ్ళికూతురికి తోడు వచ్చినదానిలా తను కిటికీకి అతుక్కుని కూర్చోవాలి.

అప్పుడు ఆ కాగితం వచ్చింది. ఉత్తరంతో పాటు సంస్థ నిబంధన కూడా పంపింది. పెద్ద శరీరం ఉన్న ప్రయాణికుల గురించి. సీటుకి అటూ ఇటూ ఉండే చేతులు రెండూ పూర్తిగా కిందికి దిగాలి, లేకపోతే ఒక్క సీటులో ప్రయాణం కుదరదు. ముందే కొలిచి పంపండి అని ఒక ఫారం జత చేశారు. సూపర్‌వైజరు నిబంధనని గోడకి అంటించాడు. కత్తెర దానిలో మొదటి రెండు వాక్యాలు చదివింది. కుదరదు అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆ తరవాత ఇంకా నాలుగు వరుసలున్నాయి. అవి చదవాలని ఆమెకి తోచలేదు, ఎందుకంటే కావలసింది దొరికింది.

వర్క్‌షాపుకి సీట్లు చేతులు ఊడదీసే వస్తాయి. చేతులు బిగించేది వేరే షెడ్డులో. కాబట్టి పదకొండేళ్ళుగా రోజూ సీట్లలో కూర్చుంటున్నా, చేతుల మధ్య దిండు పడుతుందో లేదో ఎవరూ చూడలేదు. ఆ విమానం సీట్లేమో అప్పటికే వెళ్ళిపోయాయి.

"మీరే కొలిచి రాసెయ్యండి" అని సూపర్‌వైజరు ఫారం కత్తెర చేతిలో పెట్టాడు. "చేతుల మధ్య జాగా పద్దెనిమిదిన్నర అంగుళాలు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక, కోత బల్ల పక్కన చేతుల్లేని సీటులో దిండుని కూర్చోబెట్టింది. అటొకటి ఇటొకటి చెక్క పలకలు నిలబెట్టి, మధ్యలో టేపు లాగింది. దిండు ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చుంది. నుదుటి మీద చెమట. అంత నవ్వే మనిషి ఆ పూట నవ్వలేదు.

"పడతానంటావా అక్కా?"

"ఉండు. కదలకు."

పద్దెనిమిదీ పావు. రెండుసార్లు చూసింది. పావు అంగుళం మిగులు. పడుతుంది, దర్జాగా పడుతుంది. కత్తెర బల్ల మీదికి వంగి ఫారంలో రాసింది. రాసి చూసుకుంటే పందొమ్మిదీ పావు ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ చెయ్యి, అటో అరంగుళం ఇటో అరంగుళం కుట్టుకు వదిలేసింది. తోటికోడలికి కూడా కుట్లు వేయాలనుకుంది కాబోలు ఆ చెయ్యి!

కొట్టేద్దామని పెన్ను ఎత్తింది. నిజంగానే ఎత్తింది, ఆ మాట దాచకూడదు. ఎత్తిన పెన్ను అక్కడే ఆగింది. మైకులో చెబుతారన్న మాట గుర్తొచ్చింది. మెత్తని భుజం గుర్తొచ్చింది. ఇది పొరపాటు, నేను కావాలని చేయలేదు అనుకుంది. పెన్నుకి మూత పెట్టింది.

కింద సంతకం పెట్టాల్సింది దిండు. ఆమె అంకె చూసింది. తలెత్తి కత్తెర ముఖం చూసింది. సంతకం పెట్టి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి జవాబొచ్చింది. టీ వేళ అందరూ ఉండగా సూపర్‌వైజరు పైకి చదివాడు. కత్తెర ముఖం సర్దుకుంది. దిండుకి ప్రయాణం కుదరదన్న కబురు వినగానే జాలిపడాలి కదా, దానికి సిద్ధంగా ఉంది.

"మీరు పంపిన కొలత ప్రకారం మా అతిథికి ఒక సీటు చాలదు. మా నిబంధన ప్రకారం అటువంటి ప్రయాణికులకి పక్క సీటు కూడా వారి పేరనే ఉండాలి, అందులో మరెవ్వరూ కూర్చోకూడదు. విమానం నిండిపోయింది, వేరే సీటు లేదు. మా సీట్లన్నిటిలో ముందుగా కూర్చున్న మనిషిని ఇబ్బంది పెట్టలేం. అందువల్ల మీకిచ్చిన రెండు సీట్లూ ఆమెకే రాశాం. రెండో అతిథి మన్నించాలి."

కత్తెర గిరుక్కున తల తిప్పింది. గోడ మీది కాగితం వైపు చూసింది. ఆ నాలుగు వరుసలూ అక్కడే ఉన్నాయి, తీరిగ్గా. తనకి ఒక్కటి కూడా లేదు, దానికి ఆకాశంలో కూడా రెండు సీట్లు.

అయితే అసలు దెబ్బ అది కాదు. సూపర్‌వైజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూశారా? రూలు గోడ మీదే ఉంది. ఒక్క అంగుళం తగ్గించి రాస్తే అడిగేవాడెవడు? కానీ ఈవిడ ఉన్నది ఉన్నట్టు రాసి తన సీటు పోగొట్టుకుంది. తోటికోడలు ఇరుకున కూర్చోకూడదని! ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ?"

చప్పట్లు కొట్టారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో కత్తెరకి మొదటిసారి చప్పట్లు. దిండు వచ్చి ఆమెని వాటేసుకుని భుజం మీద తల పెట్టేసింది. ఆ పెద్ద ఒళ్ళంతా వణికిపోతోంది. "ఏడవకే, ఏడవకు" అని కత్తెర వీపు తట్టింది.

కబురు ఇంటికి ఆమె కంటే ముందే చేరింది. అత్తగారు వరండాలో ఎదురుచూస్తూ కూర్చుంది. లేచి, చెయ్యి చాచి, పెద్దకోడలి భుజం పట్టుకుంది. గది దాకా అలాగే నడిచింది. "మేకైతేనేం, గట్టిదే" అంది.

ప్రయాణం ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ కత్తెర నలిగిపోయింది. నిజం చెబితే సీటు తిరిగొస్తుంది. కొలత తప్పు, అంగుళం ఎక్కువ రాశాను అంటే చాలు, కిటికీ తనదే. కానీ ఎందుకు ఎక్కువ రాశావంటే? చూసి కూడా ఎందుకు దిద్దలేదంటే? రెండుసార్లు సూపర్‌వైజరు గది గుమ్మం దాకా వెళ్ళింది. మొదటిసారి ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో చూపించని కుర్చీ. సూదుల పెట్టె కావాలని అడిగి వచ్చేసింది. రెండోసారి లోపలికే వెళ్ళలేదు. సాయంత్రం ఇంటికొస్తే అత్తగారు పైకి చూసి కేకేయడం మానేసి "పెద్దదానా" అంటోంది. ఆ చెయ్యి భుజం మీద పడితే ప్రాణం హాయిగా ఉంటోంది. దొంగ సొత్తని తెలుసు, అయినా వదులుకోబుద్ధి కాలేదు.

ప్రయాణం రోజు పొద్దున విమానం వర్క్‌షాపు మీదుగానే ఎగిరింది. అందరూ బయటికి పరిగెత్తి చేతులు ఊపారు. కత్తెర కోత బల్ల దగ్గరే నిలబడింది. చప్పుడు బట్టే తెలిసింది, ఎర్ర అంచు గుడ్డది, తనే కోసింది. దిండు ఇప్పుడు రెండు సీట్లూ ఆక్రమించి, మధ్యనున్న సీటు చెయ్యి పైకెత్తేసి, రాణిలా కూర్చుని ఉంటుంది. మైకులో దాని పేరు చెబుతూ ఉంటారు. కుళ్ళు కళ్ళలోకి వచ్చి సుద్ద గీత కనపడలేదు. అడ్డంగా కోసేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో పాడైన మొదటి గుడ్డ అదే.

సాయంత్రం వెలుగుండగానే దిండు తిరిగొచ్చింది. నేరుగా కింద వాటాలోకి వచ్చి వరండాలో అత్తగారి కుర్చీ పక్కన కూలబడింది. కత్తెర మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. దిండు గుటగుటా తాగి, గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుంది.

"చేతులు రెండూ దిగాయక్కా" అంది.

కత్తెర గ్లాసు తీయడానికి వంగింది.

"ఎక్కగానే విమానం అమ్మాయి మధ్య చెయ్యి పైకెత్తబోయింది, నాకు వెడల్పుగా ఉంటుందని. నేనే వద్దని దించాను. పావు అంగుళం మిగిలింది. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ ఒక్క సీటులోనే కూర్చున్నా."

"ఏం చేతులే?" అంది అత్తగారు అర్థంకాక.

కత్తెర ముఖం ఎర్రబడింది. తరవాత పాలిపోయింది. తప్పించుకునే దారి ఉందేమో చూసింది. తన కొలతలు పదకొండేళ్ళుగా కుడుతున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఇక దారెక్కడిది?

"నీకు తెలుసా?" అంది.

"సంతకం పెట్టిన రోజే. నా కొలత నాకు తెలియదా? నువ్వు కుట్టుకు వదిలి రాశావు."

"తెలిసి మరి నా మీద పడి ఏడ్చావేం?"

"ఏడ్చానా?" దిండు బుగ్గలు అప్పుడే వణకడం మొదలుపెట్టాయి. "నవ్వాపుకోలేక చచ్చాను అక్కా! ఆయన నిన్ను పొగుడుతుంటే నీ ముఖం చూడాలి! నాకు గోతి తవ్వి అందులో నువ్వే పడ్డావు, పైగా అందరూ చప్పట్లు! ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియక నీ భుజంలో పెట్టా."

కత్తెరకి ఏడుపు తన్నుకొచ్చింది. అత్తగారి వైపు తిరిగి అంతా చెప్పేసింది. అంగుళం ఎక్కువ పడటం, పెన్ను ఎత్తడం, మూత పెట్టడం. "కుళ్ళుతో చేశాను అత్తయ్యా. దాన్ని మీరందరూ అలా చూస్తుంటే ఓర్వలేకపోయాను. నేను త్యాగమూ చేయలేదు, గీగమూ చేయలేదు."

అత్తగారు కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అదీ సంగతి!" అంది చివరికి. "నా పెద్దకోడలు విమానంలో సీటు ఊరికే వదులుకునే రకమా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది."

"మరి నా భుజం ఎందుకు పట్టుకున్నారు?"

"ఆ రోజు చిన్నది నీకంటే ముందే ఇంటికొచ్చి వేడుకుంది. నాలుగు రోజులు అక్కని పట్టుకో అత్తయ్యా, పాపం బెంగగా ఉంది అంది. మేకుని పట్టుకుని పట్టుకుని చెయ్యి నొప్పెట్టింది నాకు."

కత్తెర తన భుజం వైపు చూసుకుంది. ఆ భుజం మీది చెయ్యి కూడా అది పెట్టించిందేనా! తను నాలుగు రోజులు దాచుకుని దాచుకుని మురిసిన సుఖం కూడా దాని దయేనా! చెడుగా ఉండటంలో అయినా తనే ముందుంటుందనుకుంటే, తను చేసిన చెడుని కూడా అది నవ్వేసి కొట్టిపారేసింది. ఇంతకంటే దెబ్బ ఇంకేముంటుంది? ఒళ్ళంతా మండింది. ఆ మంటలోనే, ఎందుకో, తోటికోడలి పక్కన నేల మీద కూర్చుంది.

"కిటికీ సీటులో కూర్చోలేదా నువ్వు?"

"అది నీదిగా. నా పేర రాస్తే మాత్రం? నాకు రెండు అక్కర్లేదు. ఖాళీగానే ఉంచాను. నా చేతిసంచీ కూడా పెట్టలేదు."

కత్తెర గొంతు సవరించుకుని, పని సంగతి అడుగుతున్నట్టు అడిగింది. "దాని గుడ్డ ఎలా కూర్చుంది?"

దిండు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. "వేలెడు వదులుగా ఉంది."

"వదులా?" కత్తెర నిటారుగా లేచింది. "నేను కోసిన గుడ్డ వదులా? నా బల్ల మీంచి ఇంతవరకు ఒక్కటి కూడా..."

"ఎవరూ కూర్చోలేదు కదక్కా" అంది దిండు మెల్లగా.

ఈసారి దిండు నవ్వలేదు. ఎక్కడో పైన ఒక విమానం పోతోంది. కత్తెర తలెత్తలేదు, ఏ రంగు గుడ్డదో కూడా అనుకోలేదు. కొంగనుకుని, ఇంకా తియ్యని మెడలోని టేపు చివర పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. అదొక్కటే చేతికందింది.

"సరే, చెప్పు" అంది. "నా సీటు మీదుగా వంగి కిటికీలోంచి చూశావుగా? ఏం కనపడిందో మొదట్నుంచీ చెప్పు. ఒక్కటీ వదలకు."

దిండు చెప్పడం మొదలుపెట్టింది. కత్తెర వింటూ, ప్రతి మాటకీ కుళ్ళుకుంటూ, "ఆ తరవాత?" అని అడుగుతూనే ఉంది.